డ్రై రీస్లింగ్: పులుపు మాటున తీపిని పట్టుకోవడం

సభలోని పెద్దలకు, హోటల్ పనిలో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

మన నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు నుంచి వెళ్ళి నాసిక్‌లో, పుణేలో వైన్ పోసే పని చేస్తున్నవాళ్ళు మీలో ఉన్నారు. అందుకే ఇవాళ ఒక్క ద్రాక్ష గురించే మాట్లాడుకుందాం. అది రీస్లింగ్, అందులోనూ డ్రై రకం, అంటే తీపి దాదాపు లేని వైన్.

దీని పుట్టిల్లు జర్మనీలోని రైన్ తీరం. రుసెల్స్‌హైమ్‌లో దీని మొక్కలు కొన్నట్టు 1435 నాటి పద్దు ఉంది. చలి ప్రాంతాల్లో నిదానంగా పండుతుంది కాబట్టి కాయలో తీపి పెరిగినా పులుపు అంతగా తగ్గదు. వైన్‌లో లీటరుకు 7 నుంచి 9 గ్రాముల ఆమ్లం మామూలే. రుచి చూసేవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. గట్టి పులుపు ఉంటే కాస్త చక్కెర ఉన్నా నాలుక పట్టదు. యూరప్ నిబంధన ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై. చక్కెర కన్నా ఆమ్లం 2 గ్రాములకు మించి తక్కువ కాకపోతే 9 గ్రాముల వరకూ డ్రై అనే రాసుకోవచ్చు. ఇంకోపక్క పీచ్ పండు వాసన తగలగానే, తీపి లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది. అనుమానం వస్తే ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. అప్పుడు నాలుక చెప్పేదే నిజం.

ఈ పట్టు రావాలంటే ఇంట్లోనే సాధన చేయవచ్చు. లీటరు నీళ్ళలో 7 గ్రాముల నిమ్మఉప్పు కలపండి. నాలుగు గ్లాసుల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. మొదటిది అలాగే ఉంచి, మిగతా మూడింటిలో వరసగా 1, 2, 4 గ్రాముల చక్కెర కరిగించండి. ఇంకొకరిని గ్లాసులు తారుమారు చేయమని, తీపి వరస మీరు చెప్పండి. కొత్తలో చాలామంది మొదటి రెండింటి దగ్గరే తడబడతారు. వాటిని వేరు చేయగలిగేదాకా వైన్ జోలికి పోనక్కర్లేదు.

ఇక సీసా సంగతి. 8 నుంచి 10 డిగ్రీల చల్లదనం చాలు. బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి అరగంట ఉంచండి. ఉత్త ఐసు సీసాకు సరిగా ఆనదు, ఆలస్యమవుతుంది. మరీ చల్లబడితే వాసన మూసుకుపోయి పులుపే పొడుస్తుంది. మూతి ముడుచుకున్న గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోయండి. లేత నిమ్మరంగు, కాస్త పచ్చఛాయ ఉంటే లేత వైన్. వయసు మీద బంగారు రంగు వస్తుంది. కొత్త సీసాలో గోధుమరంగు కనబడితే గాలి సోకి పాడైందని అనుమానించాలి. అడుగున మెరిసే పలుకులు గాజూ కాదు, చక్కెరా కాదు. చల్లదనానికి పేరుకున్న టార్టరిక్ ఆమ్లపు లవణం అది, హాని లేదు.

వాసనలో నిమ్మ, పచ్చి ఆపిల్, తెల్లపూలు వెతకండి. కిరోసిన్ లాంటి వాసన వస్తే కంగారుపడొద్దు. ఎండ బాగా తగిలిన కాయలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల నుంచి వయసుతోపాటు టీడీఎన్ అనే పదార్థం పుడుతుంది, ఆ వాసన దానిది. పాత సీసాలో అది అందమే. లేత వైన్‌లో పండు వాసనను మింగేస్తే మాత్రం నా లెక్కలో మార్కులు తగ్గించాల్సిందే. తడిసిన అట్టముక్క వాసన వచ్చి పండు వాసన చచ్చిపోతే అది కార్కు దోషం, ఎంతసేపు ఉంచినా పోదు. ఈ బెడదకే ఆస్ట్రేలియాలో క్లేర్ లోయ ఉత్పత్తిదారులు చాలామంది 2000 పంట నుంచి మరమూతకు మారారు. కుళ్ళిన గుడ్డు వాసన వేరు. గ్లాసు కాసేపు తిప్పితే అది చాలాసార్లు తగ్గుతుంది.

చిన్న గుక్క నోరంతా తిప్పి ఉమ్మేయండి. దవడల పక్కన ఊరే లాలాజలమే పులుపుకు కొలత. ఉమ్మాక పండు రుచి నిలుస్తుందా, పులుపొక్కటే మిగులుతుందా చూడండి. నాణ్యత తేలేది అక్కడే. సీసా మీద ఆల్కహాల్ 8, 9 శాతమే ఉంటే తీపి మిగిలి ఉందనే అర్థం. డ్రై రకం సాధారణంగా 11.5 నుంచి 13 మధ్య ఉంటుంది.

ధర్మాబాద్ మిర్చితో నూరిన ఠేచా తిన్న నోటితో, జర్దా పాన్ నమిలిన నోటితో రుచి చూడకండి. కారానికి ఆల్కహాల్ మంట తోడవుతుంది. అతిథి ఘాటైన మటన్ అడిగితే కొంచెం తీపి ఉన్న రీస్లింగ్ ఇవ్వండి. డ్రై రకానికి నిమ్మకాయ పిండిన వేపుడు చేప చక్కగా కుదురుతుంది. శ్రీఖండ్ లాంటి తీపి వంటకంతో కలిపి ఇస్తే వైన్ ఉత్త పులుపుగా తోస్తుంది.

మన నాందేడ్ ఎండల్లో లారీలో వచ్చిన పెట్టెను తెరవగానే కార్కు పైకి తన్నుకొచ్చిందా, సీసా మెడ జిగురుగా ఉందా చూడండి. ఉంటే ముందు ఆ సీసానే తెరిచి రుచి చూడండి. పండు ఉడికినట్టు వాసన వస్తే ఆ పెట్టెలోది ఏదీ అతిథికి పోయకండి. చల్లబరిచినంత మాత్రాన ఆ దెబ్బ మానదు.