మాడ్‌బస్ మాడ్యూల్‌కి జవాబు రాకపోతే ఎక్కడ వెతకాలి?

దృశ్యం: పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే పారిశ్రామిక కంట్రోలర్) పక్కన బిగించిన కమ్యూనికేషన్ మాడ్యూల్, బాగా దగ్గర నుంచి. టీఎక్స్ లైటు మినుకుమంటోంది. ఆర్‌ఎక్స్ లైటు వెలగడం లేదు.

వ్యాఖ్యానం:
ఇది మాడ్‌బస్ మాడ్యూల్. మాడ్‌బస్ అంటే పరికరాలు ఒకదానితో ఒకటి డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. ఈ రెండు లైట్లను కాసేపు చూడండి. టీఎక్స్ మినుకుమంటోందంటే మాడ్యూల్ ప్రశ్న పంపుతోందన్నమాట. ఆర్‌ఎక్స్ ఆరిపోయి ఉందంటే అటు నుంచి ఒక్క బైటు కూడా రావడం లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే ప్రోగ్రామ్ తెరిచి రిజిస్టర్ (పరికరం తన విలువను ఉంచే గది) నంబర్లు మార్చడం మొదలుపెడతారు. కానీ రిజిస్టర్ నంబర్ తప్పయితే ఆర్‌ఎక్స్ వెలుగుతుంది. "ఆ రిజిస్టర్ నా దగ్గర లేదు" అని పరికరం జవాబు చెబుతుంది. జవాబే రాలేదంటే తప్పు ఇంకా కింద, వైరు దగ్గరో సీరియల్ సెట్టింగుల దగ్గరో స్లేవ్ (జవాబు చెప్పే పరికరం) అడ్రస్ దగ్గరో ఉంది.

ఈ వీడియోలో ఆర్‌ఎస్-485 (రెండు వైర్ల సీరియల్ లైను) మీద మాడ్‌బస్ ఆర్‌టీయూ (సీరియల్ లైను మీద నడిచే మాడ్‌బస్ రకం) మాడ్యూల్‌ని కింది నుంచి పైకి సెట్ చేద్దాం. మాడ్‌బస్‌ని మోడికాన్ కంపెనీ 1979లో తెచ్చింది. ఇన్నేళ్లయినా మోటార్ వేగం మార్చే డ్రైవ్‌లలో, ఎనర్జీ మీటర్లలో, టెంపరేచర్ కంట్రోలర్లలో ఇది కనిపిస్తూనే ఉంది. మాస్టర్ (ఇక్కడ మన మాడ్యూల్) ఒక్కటే అడుగుతుంది, స్లేవ్ అడిగినప్పుడే మాట్లాడుతుంది. ఇంతే దీని నియమం.

దృశ్యం: పవర్ ఆపిన ప్యానెల్. రెండు వైర్ల షీల్డెడ్ కేబుల్, మూడు పరికరాలు.

వ్యాఖ్యానం:
ముందు వైరింగ్. కేబుల్ ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి గొలుసులా వెళ్లాలి. మధ్యలో ఒక జంక్షన్ పెట్టి అక్కడి నుంచి నాలుగు వైపులా పొడుగాటి కొమ్మలు లాగకండి. కొమ్మ చివర్ల నుంచి సిగ్నల్ వెనక్కి తిరిగొచ్చి అసలు సిగ్నల్‌ని పాడుచేస్తుంది. గొలుసుకి రెండు కొసల్లో మాత్రం 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి పెట్టాలి. దీన్నే టెర్మినేషన్ అంటారు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకచోట పరికరాలు కాసేపు బాగానే పలికేవి, ఉన్నట్టుండి రెండు మూడు మాయమయ్యేవి, మళ్లీ వచ్చేవి. రెండు రోజులు ప్రోగ్రామ్‌లో వెతికాం. చివరికి పవర్ ఆపి, సిగ్నల్ మోసే ఏ, బీ అనే రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 24 ఓమ్‌లు చూపించింది. రెండు 120లు సమాంతరంగా ఉంటే 60 రావాలి కదా. 24 అంటే అలాంటివి ఐదు ఉన్నట్టు. మధ్యలో ఉన్న మూడు డ్రైవ్‌లలో కూడా టెర్మినేషన్ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయింది. ఆ మూడూ ఆఫ్ చేశాక మళ్లీ ఆ సమస్య రాలేదు. అప్పటి నుంచి పవర్ ఇవ్వకముందే ఈ కొలత తీసుకోవడం నాకు అలవాటైంది. సుమారు 60 వస్తే సరే. 120 వస్తే ఒక కొస మర్చిపోయారు, లేదా మధ్యలో వైరు తెగింది.

తెర మీద: మల్టీమీటర్‌లో 60 ఓమ్‌లు.

వ్యాఖ్యానం:
ఇప్పుడు ఏ, బీ సంగతి. ఈ పేర్లను గుడ్డిగా నమ్మకండి. ఒక తయారీదారు ప్లస్ వైరుని బీ అంటే, ఇంకొకరు దాన్నే ఏ అంటారు. మాన్యువల్‌లో ప్లస్, మైనస్ గుర్తులు ఇచ్చి ఉంటే వాటినే పట్టుకోండి. తారుమారైతే ఏదీ కాలిపోదు, జవాబు మాత్రం రాదు. అందుకే జవాబు రానప్పుడు ఆ రెండు వైర్లు మార్చి చూడటం మంచి పరీక్ష.

రెండు వైర్ల లైనే అయినా, మూడో వైరుగా కామన్ (పరికరాల గ్రౌండ్‌లను కలిపే వైరు) కూడా వేయండి. పరికరాల గ్రౌండ్‌ల మధ్య వోల్టేజ్ తేడా పెరిగితే రిసీవర్ తట్టుకోలేదు. దానికి ఆర్‌ఎస్-485 ప్రమాణం ఇచ్చిన హద్దు మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకానే. షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయండి. మోటార్ కేబుల్ వెళ్లే ట్రేలో ఈ కేబుల్ వేయకండి.

దృశ్యం: కంప్యూటర్ తెర, మాడ్యూల్ సెట్టింగుల పేజీ.

వ్యాఖ్యానం:
సెట్టింగుల్లో బాడ్ రేట్ (డేటా వేగం), ప్యారిటీ (తప్పు పట్టే అదనపు బిట్), స్టాప్ బిట్ (ప్రతి అక్షరం ముగిసిందని చెప్పే బిట్). ఈ మూడూ ప్రతి పరికరంలోనూ ఒకేలా ఉండాలి. మాడ్‌బస్ ప్రమాణం ఈవెన్ ప్యారిటీని డిఫాల్ట్‌గా చెబుతుంది, ప్యారిటీ లేకపోతే రెండు స్టాప్ బిట్లు ఉండాలంటుంది. నిజంగా మార్కెట్‌లో దొరికే పరికరాల్లో చాలావాటికి ప్యారిటీ లేకుండా ఒకే స్టాప్ బిట్ ఉంటుంది. కాబట్టి ఊహించకండి, పరికరం మెనూలోకి వెళ్లి కళ్లతో చూడండి. అడ్రస్ 1 నుంచి 247 లోపు, ఏ రెండింటికీ ఒకటే ఉండకూడదు. చాలా పరికరాల్లో అడ్రస్ మార్చాక పవర్ ఆపి వేస్తేనే కొత్తది అమల్లోకి వస్తుంది.

మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు ఒక్క స్లేవ్‌నే కలపండి. ఒక్కదానితో ఒక్క రిజిస్టర్ చదవండి. అది పలికాక రెండోది. ఇరవై పరికరాలు ఒకేసారి కలిపితే తప్పు ఎవరిదో తేల్చడానికి రోజంతా పడుతుంది.

తెర మీద: ఆర్‌ఎక్స్ లైటు మినుకుమంటోంది. ప్రోగ్రామ్‌లో "ఎర్రర్ 2".

వ్యాఖ్యానం:
ఎర్రర్ వచ్చిందని టెన్షన్ పడకండి. ఇది నిజంగా శుభవార్త. ఎక్సెప్షన్ కోడ్ 2 అంటే "ఆ రిజిస్టర్ అడ్రస్ నా దగ్గర లేదు" అని స్లేవ్ స్వయంగా చెబుతోంది. అంటే వైరింగ్ బాగుంది, బాడ్ రేట్ బాగుంది, స్లేవ్ అడ్రస్ బాగుంది. ఇక వాటి జోలికి వెళ్లొద్దు. కోడ్ 1 అయితే ఆ ఫంక్షన్ కోడ్ (ఏ పని చేయాలో చెప్పే నంబర్) దానికి తెలియదు. 3 పంపే చోట 4 పంపి చూడండి. కొన్ని మీటర్లు తమ విలువలను ఇన్‌పుట్ రిజిస్టర్లలోనే (చదవడానికి మాత్రమే ఉండేవి) పెడతాయి, వాటిని చదవాలంటే 4 కావాలి.

కోడ్ 2కి అసలు కారణం ఎక్కువసార్లు ఒకటి తేడా. మాన్యువల్‌లో 40001 అని రాసిన రిజిస్టర్, వైరు మీద అడ్రస్ 0గా వెళుతుంది. కొన్ని మాడ్యూళ్లు ఆ ఒకటిని తామే తీసేస్తాయి, కొన్ని మనకే వదిలేస్తాయి. ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, పక్క రిజిస్టర్ విలువ వచ్చేస్తుంది. ఇది మరీ ప్రమాదం. అందుకే పరికరం డిస్‌ప్లే మీద కనిపించే విలువతోనే మొదటి పరీక్ష చేయండి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చండి.

ఫ్లోట్ (దశాంశ) విలువలైతే ఇంకో మెలిక ఉంది. 100.0 అనే విలువ రెండు రిజిస్టర్లలో 17096, 0 అని వస్తుంది. ఈ రెండింటి వరుస తిరగబడితే ప్రోగ్రామ్‌లో దాదాపు సున్నా కనిపిస్తుంది. సెన్సార్ పాడైందనుకుని మార్చేయకండి. రెండు రిజిస్టర్లనూ విడివిడిగా చూడండి, వరుస మార్చండి.

తెర మీద: ఒక ప్రశ్న, ఒక జవాబు, కాలరేఖ మీద.

వ్యాఖ్యానం:
అన్నీ కలిపాక విలువలు నెమ్మదిగా మారుతున్నాయా? లెక్క వేద్దాం. 9600 వేగంలో 11 బిట్ల అక్షరానికి, అంటే ఒక్కో బైటుకి, సుమారు 1.15 మిల్లీసెకన్లు. ప్రశ్న 8 బైట్లు, పది రిజిస్టర్ల జవాబు 25 బైట్లు. మధ్యలో మూడున్నర అక్షరాల మౌనాలు రెండు. మొత్తం 46 మిల్లీసెకన్ల దాకా అవుతుంది, స్లేవ్ ఆలోచించుకునే సమయం దీనికి అదనం. ఇరవై పరికరాలకి ఒక చుట్టు సెకనుకి అటూ ఇటూ. ఒక్క పరికరం పవర్ పోయి ఊరుకుందనుకోండి, టైమౌట్ ఒక సెకను, ప్రయత్నాలు మూడు అయితే, ప్రతి చుట్టూ మరో మూడు సెకన్లు సాగుతుంది. పలకని పరికరాన్ని పక్కన పెట్టి అప్పుడప్పుడు మాత్రమే అడిగేలా రాసుకోండి.

దృశ్యం: నడుస్తున్న సిస్టమ్. చెయ్యి కనెక్టర్ మీద ఉంది.

వ్యాఖ్యానం:
అన్నీ పలుకుతున్నాయి కాబట్టి పని అయిపోయిందనుకోకండి. మెషీన్ సురక్షితంగా ఉన్న సమయం చూసి, అక్కడున్నవాళ్లకి చెప్పి, కేబుల్ పీకండి. చాలా పీఎల్‌సీల్లో చివరిగా చదివిన విలువ మెమరీలో అలాగే నిలిచిపోతుంది. ట్యాంక్ నిండిపోతున్నా తెర మీద 60 శాతమే కనిపిస్తుంది. ఎర్రర్ బిట్ చూసి ఆ విలువని చెల్లనిదిగా గుర్తించే లాజిక్ మీ ప్రోగ్రామ్‌లో ఉందా? డ్రైవ్ అయితే, కమ్యూనికేషన్ పోయినప్పుడు ఆగాలా, పాత వేగంతోనే నడవాలా అన్నది దాని పారామీటర్‌లోనే పెట్టాలి. అలారం ఎన్ని సెకన్లకి వచ్చిందో రాసుకోండి. తర్వాత కనెక్టర్ తిరిగి పెట్టండి. ఏదీ రీసెట్ చేయకుండానే విలువలు మళ్లీ రావాలి.

దృశ్యం: టీఎక్స్, ఆర్‌ఎక్స్ ఒకదాని తర్వాత ఒకటి మినుకుమంటున్నాయి.