ఒకే ప్లేటు, ఏడు ముద్రలు: ప్రింట్‌మేకింగ్ స్టూడియోలో ఒక సెమిస్టర్

[తెర మీద: పొడవాటి బల్ల. దాని మీద వరసగా ఏడు ముద్రలు. కెమెరా ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదులుతుంది.]

వాయిస్: ప్రింట్‌మేకింగ్ అంటే ప్లేటు మీద బొమ్మ చేసి, సిరా పట్టించి, కాగితం మీద ముద్ర తీయడం. ఈ ఏడు ముద్రలూ ఒకే జింకు ప్లేటు నుంచి తీసినవి. మొదటిదాంట్లో పట్టుమని పది గీతలు లేవు. అయిదోది అన్నిటికన్నా బాగుంది. ఏడోది మసిబారిపోయింది. యూనివర్సిటీలో సమకాలీన కళ చదివేవాళ్లకు ఈ ఏడూ కావాలి. బాగా వచ్చిన ఒక్కటి ఉంచుకుని మిగతావి చింపేస్తే, మాస్టారు, క్లాసువాళ్లు పని చూసి చర్చించే రివ్యూ రోజున “ఇక్కడే ఎందుకు ఆపావు?” అన్న ప్రశ్నకు చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

[తెర మీద: బీఎఫ్ఏ (లలితకళల్లో డిగ్రీ) 4 ఏళ్లు, ఎంఎఫ్ఏ (లలితకళల్లో పీజీ) 2 ఏళ్లు]

వాయిస్: హైదరాబాద్‌లో మాసాబ్‌ట్యాంక్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో ఎంఎఫ్ఏ ప్రింట్‌మేకింగ్ ఉంది. కళ చదవడానికి బరోడా, శాంతినికేతన్‌లకు మనవాళ్లు వెళ్లడం పాత దారే. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ బరోడాలో ప్రింట్‌మేకింగ్ నేర్చుకుని వచ్చి, తరవాత ఆ సెంట్రల్ యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు. ఎక్కడ చేరినా స్టూడియోలో పని ఒక తీరున సాగాలి. ప్లేటు పట్టుకుని అది చూద్దాం.

[దృశ్యం: ఆకురాయితో ప్లేటు అంచులు రాస్తున్న చేతులు]

వాయిస్: ప్లేటు 25 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు. నాలుగు అంచులూ 45 డిగ్రీల వాలుకు అరగదీయాలి. ఈ అరగంట పని విసుగనిపించి వదిలేసేవాళ్లే ఎక్కువ. వాలు లేని అంచు ప్రెస్ కింద కత్తిలా పనిచేస్తుంది: తడి కాగితం చినుగుతుంది, పైనున్న ఫెల్టు దుప్పటి కోసుకుపోతుంది. ఆ ఫెల్టు స్టూడియో అందరిదీ.

తరవాత జిడ్డు తీయాలి. సుద్దపొడి తడిపి రుద్ది కడగండి. నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోకుండా పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. వేలిముద్ర ఒక్కటి మిగిలినా గ్రౌండ్, అంటే యాసిడ్ తగలకుండా ప్లేటుకు పూసే పొర, అక్కడ పట్టదు. యాసిడ్‌లో వేసిన పది నిమిషాలకు ఆ పొర లేచిపోయి, మీరు గీయని మచ్చ మీ బొమ్మలో చేరుతుంది.

గ్రౌండ్ పూసి, ఆరాక, సూదితో గీయండి. లోహాన్ని గీరక్కర్లేదు, పైపొర తొలగితే చాలు. లోతు సంగతి ద్రావణం చూసుకుంటుంది.

[దృశ్యం: నీలం రంగు ద్రావణం ఉన్న ట్రే]

వాయిస్: జింకుకు పాత పద్ధతి నైట్రిక్ యాసిడ్. దాన్నుంచి వచ్చే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం. పొగ లాగేసే ఏర్పాటు లేని గదిలో దాన్ని వాడనే వద్దు. కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. మా ఓటు మైలుతుత్తానికే (కాపర్ సల్ఫేట్). మైలుతుత్తం, మామూలు ఉప్పు సమభాగాలుగా నీళ్లలో కరిగిస్తే అదీ జింకును తింటుంది, ఆ గోధుమ పొగ రాదు. గ్లవ్స్, కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. గీతల్లో ఎర్రటి రాగి మడ్డి పేరుకుంటుంది. మెత్తని బ్రష్‌తో తోస్తూ ఉండకపోతే గీత ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన వస్తుంది. వాడేసిన ద్రావణాన్ని సింకులో పారబోయకండి, అందులోని రాగి చేపల్ని చంపుతుంది. స్టూడియోలో దానికోసం పెట్టిన డబ్బాలోనే పోయండి.

ఎంతసేపు ఉంచాలి? ఏ పుస్తకంలోని లెక్కా మీ ట్రేకు సరిపోదు. ద్రావణం కొత్తదా పాతదా, గది ఎంత వేడిగా ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. ఎండాకాలంలో తొందరగా తినేస్తుంది. అందుకే అదే జింకు రేకులోంచి ఒక ముక్క కోసి, దాని మీద గీతలు గీసి, 2, 4, 8, 16 నిమిషాలకు ఒక్కో భాగాన్ని వార్నిష్‌తో మూసేయండి. ఆ ముక్కను ముద్రిస్తే మీ ట్రే స్వభావం ఒక్క చూపులో తెలుస్తుంది. దాన్ని గోడకు అంటించుకోండి.

[దృశ్యం: తడి కాగితం మీంచి ప్లేటును లేపుతున్న చేతులు]

వాయిస్: ఇప్పుడు మొదటి ప్రూఫ్, అంటే గీతల్లో సిరా నింపి తీసే పరీక్ష ముద్ర. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల) నూలు కాగితాన్ని అరగంట నానబెట్టి, బ్లాటింగ్ కాగితాల మధ్య ఒత్తండి. మెరుపు పోయి మెత్తగా ఉండాలి. మెరుస్తుంటే నీళ్లెక్కువ, సిరా పట్టదు. సన్నగీతలు రాకపోతే ముందు కాగితం తడి చూడండి, ఆ తరవాతే ప్రెస్ ఒత్తిడి పెంచండి.

ప్రూఫ్ ఆరాక దాని వెనక పెన్సిల్‌తో రాయాల్సినవి: తేదీ, ఎన్నో స్టేటు (ప్లేటును మార్చిన ప్రతిసారీ వచ్చే కొత్త దశ), ద్రావణంలో ఎన్ని నిమిషాలు, ఏ సిరా, ఏ కాగితం, కిందటిసారి నుంచి ఏం మార్చారు. “ఈరోజు మనసు బాగోలేదు” లాంటివి సొంత డైరీలో రాసుకోవచ్చు, ఇక్కడ వద్దు. ప్లేటు మీద ప్రతి మార్పూ పాతదాన్ని చెరిపేస్తుంది. మూడో స్టేటుకు వెళ్లాక రెండోది ఆ కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగలదు. స్క్రేపర్‌తో గీకి, బర్నిషర్‌తో నున్నగా చేసి కొంత వెనక్కి రావచ్చు, కానీ పూర్తిగా రాలేం. పెయింటింగ్ విభాగం వాళ్లకు మేం చెప్పేదీ ఇదే: పని ఆపిన ప్రతిసారీ ఒక ఫొటో, వెనక ఒక వాక్యం.

[తెర మీద: గట్టి రోలర్, మెత్తని రోలర్ పక్కపక్కన]

వాయిస్: ఇక్కడ కాసేపు ఆగాలి. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టిన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లోని ఆటెలియర్ 17 అనే ప్రింట్‌మేకింగ్ స్టూడియోలో చేరారు. రంగుకో ప్లేటు చేసుకునే పద్ధతికి భిన్నంగా, ఒకే ప్లేటుకు రంగులన్నీ పట్టించి ఒక్కసారే ముద్రించే విస్కాసిటీ (చిక్కదనం) పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. దాని వెనకున్న ముఖ్యుల్లో ఆయనొకరు. 2018లో న్యూయార్క్‌లో చనిపోయారు.

కిటుకంతా అవిసె నూనెలో ఉంది. ముందు లోతు గీతల్లో ఒక సిరా నింపి తుడుస్తారు. రెండో సిరాలో నూనె ఎక్కువ కలిపి, గట్టి రోలర్‌తో పైతలానికి మాత్రమే పట్టిస్తారు. మూడో సిరాను చిక్కగా ఉంచి, మెత్తని రోలర్‌తో దొర్లిస్తారు. మెత్తని రోలర్ పల్లాల్లోకీ దిగుతుంది, కానీ పైన నూనె సిరా ఉన్నచోట చిక్కటి సిరా అంటుకోదు. రెండింటి చిక్కదనంలో తేడా చాలకపోతే రంగులు కలిసి బురదవుతాయి. మొదట చూపించిన ఏడో ముద్ర అలా చెడిందే. సిరా మార్చితే అదే ప్లేటు ఇంకో బొమ్మ ఇస్తుంది. ఏ మార్పుకు ఏం జరిగిందో రాసుకోనివాళ్లు బాగా వచ్చిన ముద్రను మళ్లీ తీయలేరు.

[దృశ్యం: ఖాళీ గోడ, టేపు, పెన్సిల్]

వాయిస్: రివ్యూకి ఏడూ గోడకెక్కించండి. 38 సెంటీమీటర్ల వెడల్పున్న ఏడు కాగితాలు 266. మధ్య ఎనిమిదేసి సెంటీమీటర్ల ఖాళీలు ఆరు, 48. మొత్తం 314. గోడ 420 అయితే అటూ ఇటూ 53 మిగులుతుంది. కాగితం మధ్యభాగం నేలనుంచి 150 దగ్గర ఉండాలంటే, 50 ఎత్తున్న కాగితం పైఅంచు 175 దగ్గర రావాలి. డబుల్ టేపు వాడొద్దు, తీసేటప్పుడు కాగితం పొర ఊడుతుంది. పెద్ద తల ఉన్న ఇనుప మేకు, పైన చిన్న అయస్కాంతం చాలు.

మాస్టారు, క్లాసువాళ్లు రాగానే మాటలు మొదలుపెట్టకండి. అయిదు నిమిషాలు చూడనివ్వండి. మీ వివరణ ముందే వింటే వాళ్లు ఆ వివరణనే బొమ్మలో వెతుక్కుంటారు. మీకు గుర్తుండదు కాబట్టి వాళ్లు అనేవన్నీ రాసిపెట్టమని ఒక స్నేహితుణ్ని అడగండి. మీ వంతు వచ్చినప్పుడు “సమాజంలోని సంఘర్షణ” అంటూ ఎత్తుకుంటే చర్చ అక్కడే చల్లబడుతుంది. “నాలుగో స్టేటులో ఈ మూలంతా గీకేశాను, మొహం కనబడకూడదనుకున్నాను” అని చెప్పండి. అప్పుడు ఎవరో ఒకరు మొహం ఎందుకు కనబడకూడదని అడుగుతారు. సంఘర్షణ గురించిన మాట అక్కడినుంచి నిజంగా మొదలవుతుంది. మీ పని గురించి రాసే 150 పదాల స్టేట్‌మెంట్‌కు మొదటి వాక్యం కూడా ఆ జవాబులోనే దొరుకుతుంది.

ప్లేటును ఇంకా మార్చకముందే అయిదో స్టేటుకు ఎడిషన్ (ఒకేలాంటి ముద్రల వరస) వేసి ఉంటే, బొమ్మ కింద పెన్సిల్‌తో ఎడమవైపు 1/10 (పదింటిలో మొదటిది), మధ్యలో బొమ్మ పేరు, కుడివైపు సంతకం. స్టేటు ప్రూఫ్‌లకు ఆ నంబర్లు వేయకూడదు.

[దృశ్యం: ప్లేటును న్యూస్‌ప్రింటులో చుడుతున్న చేతులు]

వాయిస్: రివ్యూ అయ్యాక ప్లేటును కడిగి, తుడిచి, పలచగా వేసలీన్ రాసి, న్యూస్‌ప్రింటులో చుట్టి నిలువుగా పెట్టండి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే గీతలు పడతాయి. చుట్టిన కాగితం మీద “స్టేటు 7” అని రాయండి. వచ్చే సెమిస్టర్‌లో ఎనిమిదోది దీనిమీదే మొదలుపెట్టవచ్చు.