ప్లాట్‌ఫాం మీద కెమెరా

శ్రోతలందరికీ నమస్కారం. ఈ మధ్య మావాళ్లను రైలెక్కించడానికి స్టేషన్‌కి వెళ్లాను. బండి వస్తుంటే చూడముచ్చటగా ఉందని ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టానో లేదో, యూనిఫాంలో ఉన్న ఒకాయన గబగబా వచ్చి "ఇక్కడ ఫొటోలు తీయకూడదు, డిలీట్ చేయండి" అన్నారు. ఏ రూల్ ప్రకారమండీ అంటే "రూల్ అంటే రూలే" అన్నారు. చుట్టూ చూస్తే బోలెడుమంది ఫోన్లు పైకెత్తి ఉన్నారు, నెత్తిమీద సీసీ కెమెరా ఒకటి మా అందర్నీ తీరిగ్గా రికార్డు చేస్తోంది. నేనేం వీరుణ్ణి కాదు, బండికి టైమైపోతోందన్న టెన్షన్‌లో డిలీట్ చేసేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఈ రూలేంటో చూద్దామని కూర్చున్నాను. తేలిందేంటంటే, ఆయన చెప్పిందీ పూర్తిగా కరెక్టు కాదు, నేననుకున్నదీ కాదు.

నేననుకున్నది చెబుతాను. స్టేషన్ పబ్లిక్ ప్లేస్ కదా, పబ్లిక్ ప్లేస్‌లో ఎవరైనా ఏదైనా తీసుకోవచ్చు అనుకున్నాను. తప్పులో కాలేసేది ఇక్కడే. రోడ్డు మీద నిలబడి కంటికి కనిపించింది తీస్తే చాలా దేశాల్లో అడిగేవాళ్లుండరు. స్టేషన్‌కి మాత్రం ఒక యజమాని ఉంటాడు, అది ప్రభుత్వ శాఖ కావచ్చు, కంపెనీ కావచ్చు, లోపలికి రానిచ్చేటప్పుడు షరతులు పెట్టే అధికారం వాళ్లకుంటుంది. మాల్, ఆసుపత్రి, మ్యూజియం అన్నీ అంతే. చట్టం ఫొటోని నేరం అనకపోయినా వాళ్లు "ఇక బయటికి వెళ్లండి" అనొచ్చు, వెళ్లనని మొండికేస్తే అప్పుడు తగువు ఫొటో గురించి కాదు, అక్రమంగా లోపల ఉన్నందుకు.

మరి ఆ షరతులేంటి? ఫొటోలే వద్దని అంతటా అనరు. బ్రిటన్‌లో పట్టాలు, పెద్ద స్టేషన్లు చూసుకునే నెట్‌వర్క్ రైల్ సంస్థ సొంతానికి ఫొటోలు తీసుకోవచ్చనే చెబుతుంది, కాకపోతే ఫ్లాష్ వేయొద్దు, జనానికి అడ్డం రావొద్దు, ప్లాట్‌ఫాం అంచున ఉండే పసుపు గీత దాటొద్దు అంటుంది. న్యూయార్క్ సబ్‌వేలో 2004లో ఫొటోలు పూర్తిగా ఆపేద్దామని ప్రతిపాదన పెట్టారు, జనం గొడవ చేస్తే 2005లో వదిలేసుకున్నారు. అక్కడి రూల్ ఇప్పుడు ఒక్క ముక్కలో అయిపోతుంది: తీసుకోండి, లైట్లు, రిఫ్లెక్టర్లు, ట్రైపాడ్‌లు మాత్రం వద్దు. ఇక సినిమా షూటింగో, యాడ్ షూటింగో అయితే ఎక్కడైనా ముందు పర్మిషన్, ఫీజు తప్పవు. అది వేరే లెక్క.

ఈ షరతుల్లో రక్షణ కోసం పెట్టినవాటితో నాకు ఏ పేచీ లేదు, పైగా అవి ఎందుకున్నాయో బోర్డు మీద కూడా రాస్తే బాగుండునని నా కోరిక. చీకట్లోంచి వస్తున్న బండి నడిపే మనిషి కళ్లలోకి ఫ్లాష్ కొడితే కొన్ని క్షణాలు ఏమీ కనపడదు, ఆయన సిగ్నల్ చూడాల్సింది సరిగ్గా ఆ క్షణాల్లోనే కావచ్చు. పసుపు గీత సంగతీ అంతే. ఆగకుండా దూసుకుపోయే బండి పక్కనున్న గాలిని తనతో ఈడ్చుకుపోతుంది, ఆ విసురుకి గీత దాటి నిలబడ్డ మనిషి తూలిపోవచ్చు, ఇక స్క్రీన్‌లోంచి చూస్తున్నవాడికి బండి అసలున్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. వేగంగా వచ్చే బండి బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరు కూడా పట్టొచ్చు, డ్రైవరు మిమ్మల్ని చూసినా చేయగలిగింది హారన్ కొట్టడమే.

అన్నిటికంటే జనానికి తెలియనిది పైనున్న తీగ. చాలా దేశాల్లో ఆ తీగలో ఉండేది 25,000 వోల్టులు. ఇంట్లో ప్లగ్గులా ముట్టుకుంటేనే షాక్ అనుకుంటే పొరపాటు, దగ్గరికి వెళితే చాలు గాల్లోంచి దూకుతుంది. బోగీ పైకెక్కి ఫొటో దిగాలనుకునేవాళ్లకి జరిగేది ఇదే. జపాన్‌లో జేఆర్ వెస్ట్ సంస్థ 2015లో ప్లాట్‌ఫాంల మీద సెల్ఫీ స్టిక్‌లు వద్దన్నది కూడా ఆ కర్ర తీగకో బండికో తగులుతుందనే. పట్టాల మీదికి దిగి తీయడం మన దేశంలో నేరమే. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

నాకు పేచీ ఉన్నది "భద్రతా కారణాలు" అనే మాటతో. 2001లో గ్రీస్‌లో విమానాల పిచ్చి ఉన్న బ్రిటిష్, డచ్ టూరిస్టులు కొందరు ఒక వైమానిక స్థావరం దగ్గర విమానాల నంబర్లు రాసుకుంటుంటే గూఢచారులని అరెస్టు చేశారు. మరుసటి ఏడాది కోర్టు శిక్షలు కూడా వేసింది, తర్వాత అప్పీలులో కొట్టేశారు. బ్రిటన్‌లో 2000 నాటి ఉగ్రవాద చట్టంలో 44వ సెక్షన్ అని ఒకటుండేది, ఏ అనుమానమూ లేకుండానే ఎవర్నైనా ఆపి సోదా చేయొచ్చు. కెమెరా పట్టుకున్నవాళ్లు దానికి తెగ దొరికిపోయేవాళ్లు, 2010లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అది సరికాదన్నాక పక్కన పెట్టారు. వీటన్నిటికంటే నాకు నచ్చింది అమెరికాలోది. 2008 డిసెంబరులో ఆమ్‌ట్రాక్ రైలు సంస్థ ఫొటోల పోటీ పెట్టింది. ఆ పోటీ కోసమే ఒకాయన న్యూయార్క్ స్టేషన్‌లో రైళ్ల ఫొటోలు తీస్తుంటే ఆమ్‌ట్రాక్ పోలీసులే వచ్చి బేడీలు వేశారు!

నిజంగా నిషేధించిన చోట్లు ఉంటాయి, సైనిక స్థావరాల్లాంటివి, అక్కడ బోర్డు పెద్దదిగానే ఉంటుంది, వాదన పెట్టుకోకండి. కానీ భద్రత పేరు చెప్పి ప్రతి చోటునీ రహస్యం చేయలేరు. పోలీసు స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలం కాదు, అక్కడ వీడియో తీయడం ఆ చట్టం కింద నేరం కాదు అని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2022లో చెప్పింది.

ఇక అసలు చిక్కు మనుషులతో. 1898లో జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దొంగతనంగా ఆ గదిలో దూరి శవాన్ని ఫొటో తీశారు. ఆ గొడవ ముదిరి ముదిరి, 1907లో మనిషి బొమ్మను అతని ఒప్పుకోలు లేకుండా ప్రచురించకూడదని చట్టం వచ్చింది, ఇప్పటికీ ఉంది. గమనించండి, అది ప్రచురించడం గురించి. హంగరీ ఇంకో అడుగు వేసి, 2014లో అమల్లోకి తెచ్చిన చట్టంలో తీయడానికి కూడా ఒప్పుకోలు కావాలంది. మన దగ్గర ఒప్పుకోకుండా ఎవరి ఒంటి మరుగు భాగాలైనా తీస్తే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు ఉంది, అది ప్లాట్‌ఫాం మీద తీశారా గదిలో తీశారా అన్నదానితో పని లేదు. మిగతావి చాలావరకు చట్టానికి అందవు. బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న ముసలాయన మీద నవ్వుల పాట పెట్టి రీల్ చేసేవాడిని ఏ సెక్షనూ పట్టుకోకపోవచ్చు, నా దృష్టిలో ఫ్లాష్ కొట్టినవాడికంటే వాడే పెద్ద తప్పు చేశాడు.

డిలీట్ సంగతి మిగిలిపోయింది. ఆపమనడం వేరు, బయటికి పంపడం వేరు, మన ఫోన్లో ఉన్నది చెరిపేయించడం వేరు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఫొటోలు చెరిపించే అధికారం తమకు లేదని లండన్ పోలీసులే రాసి పెట్టుకున్నారు. అరెస్టయిన మనిషి ఫోన్ వెతకాలన్నా వారంట్ ఉండాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. స్టేషన్ గేటు దగ్గర నిలబడే గార్డుకి అంతకంటే ఎక్కువ అధికారం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంతా చదివాక, మంచి ఊపులో, ఆ వీడియో ఫోన్‌లోని చెత్తబుట్టలో ఇంకా ఉందేమోనని వెతికాను. ఉంది. వెనక్కి తెచ్చి చూశాను. మొదటి రెండు సెకన్లు ఫోన్ కిందికి వంగి ఉంది, అందులో నా చెప్పులు కనిపిస్తున్నాయి, ఆ చెప్పులకు వెనకాల పసుపు గీత. ఆయన "వెనక్కి జరగండి" అని ఉంటే నేను ఏ రూలూ అడిగేవాణ్ణి కాదు.