మంచం కింద నవ్వు: ‘దిద్దుబాటు’ కొసమెరుపు ఎందుకు పేలింది?

నమస్తే అండి. ఈ వారం ‘దిద్దుబాటు’. 1910లో ఆంధ్రభారతి పత్రికలో అచ్చయిన గురజాడ కథ. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట వచ్చేలోపు చదివేయొచ్చు. ముగింపు చెప్పేస్తున్నా. వందేళ్లు దాటిన కథకి స్పాయిలర్ అంటూ కామెంట్లు పెట్టకండి!

గోపాలరావు సానిపాట మోజులో పడి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని లేదు. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం ఉంది. ఇక పశ్చాత్తాపం, గోల. చివర్లో మంచం కింద నుంచి కలకలా నవ్వు. అంతే, కథ ఆగిపోతుంది. ఆ నవ్వు తర్వాత ఒక్క పేరా వివరణ పెట్టినా చప్పబడిపోయేది.

ఇప్పుడు మళ్లీ మొదటికెళ్లండి. ఇందాక మనం జాలిపడ్డ ప్రతి మాటా ఈసారి కమలిని చెవిన పడుతోంది. ఉత్తరంలో ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ వచ్చిందే అని ఆయన కుంగిపోతుంటే, పెయ్య (ఆవుదూడ) పోయిందా బాబూ అంటాడు నౌకరు రాముడు. అది అమాయకత్వమా, నటనా? ఇంకోటి గమనించండి. నవ్వు వినపడేసరికే గోపాలరావు దిగొచ్చేశాడు. మార్చింది భయం. ట్విస్టు ఆయనకి ఊరట, మనకి అదే కథ హాస్యంగా రెండోసారి. పైగా మోసం లేదు: ఆయనకి తెలియందే మనకీ తెలియదు.

కొత్తగా రాసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఇమ్లీబన్ బస్టాండులో కొడుకు కోసం చూస్తున్న తండ్రి అనుకోండి. ఆ కొడుకు పోయి ఏడాదైందని చివర్లో తేలుతుంది. కథంతా తండ్రి మనసులోంచి చెప్తే, ఆయనకి తెలిసిందే మన దగ్గర దాచినట్టు. పాఠకుడికి ఒళ్లు మండుతుంది. టీకొట్టు కుర్రాడి కళ్లతో చెప్పండి. పెద్దాయన రెండు టీలు చెప్తాడు, ఒకటి మీగడ కట్టేదాకా ముట్టుకోడు. వెంటనే ఐదొందల నోటుకి చిల్లర గొడవ పెట్టండి. గొడవలో పడి టీ సంగతి మర్చిపోతాం. ఇలాంటి ఆనవాళ్లు రెండు చాలు. ఒక్కటైతే గుర్తుండదు, నాలుగైతే దొరికిపోతారు. అదంతా కలేనని లేపే ముగింపు మాత్రం వద్దు బాబూ.

ఫిర్యాదు ఒకటుంది: గోపాలరావు మరీ తేలిగ్గా బయటపడ్డాడు. అంతసేపు మంచం కింద కమలిని దోమలకెలా తట్టుకుందో అదీ చెప్పలేదు. ఐదుకి నాలుగున్నర.