నాన్న మారుతీ 800: బ్రేక్ తొక్కితే ఆరిపోతున్న లైటు | తిరుపతి వ్లాగ్

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. తిరుపతి వచ్చి నాలుగు రోజులైంది. జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు, మూడున్నరకే మెలకువ వచ్చేస్తోంది. అసలు ఈరోజు చీరల షాపింగ్ చూపిద్దామనుకున్నాను. కానీ నిన్న తిరుచానూరు నుంచి వస్తూ ఒకటి చూశాను, ముందు అది చెప్పాలి.

మా నాన్న బండి మారుతీ 800, 2003 మోడల్, ఏపీ 03 నంబరు. అందరం పట్టక నేనూ బాబూ ఆటోలో వెనకే వస్తున్నాం. చీకటి పడింది, నాన్న లైట్లు వేసుకున్నారు. ఎడమది బాగానే ఉంది. కుడిది మాత్రం గుడ్డి దీపంలా ఉంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర నాన్న బ్రేక్ తొక్కగానే ఎడమది ఎర్రగా భగ్గుమంది, కుడివైపు ఆ ఉన్న కాస్త వెలుగూ ఆరిపోయింది! "ఎనకొచ్చేవాడికి ఏం తెలస్తాది మేడం" అన్నాడు ఆటో అన్న. నా గుండె ఝల్లుమంది. నాన్న నెల నెలా కొండకు ఈ బండిలోనే వెళ్తారు. దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో. మలుపు మలుపుకీ బ్రేక్ మీద కాలుండాల్సిందే, వెనకే బస్సులు దిగుతుంటాయి.

ఇంటికొచ్చి అడిగితే, "రెండుసార్లు బల్బు మార్చినా పాపా, మళ్ళీ అంతే. పగలు బ్రేక్ తొక్కితే మీటర్ దగ్గర లైటు కూడా సన్నగా వెలగతాది" అన్నారు.

పొద్దున్నే రేణిగుంట రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాం. మీటర్ లైటు మాట వినగానే, "బల్బు కాదన్నా, ఎర్త్ పోయుండాది" అన్నాడు. ఒక పక్క బ్రేక్ లైటు వెలుగుతోందంటే ఫ్యూజూ, పెడల్ దగ్గర స్విచ్చూ బాగున్నట్టేనట. రెండు పక్కలా వెలగకపోతే అప్పుడు వాటిని చూడాలట.

ఇదిగో చూడండి, దగ్గరగా చూపిస్తున్నా. దీన్ని డబుల్ కాంటాక్ట్ బల్బు అంటారు. లోపల రెండు ఫిలమెంట్లు: బ్రేక్‌కి 21 వాట్లది, మామూలు వెనక లైటుకి 5 వాట్లది. రెండింటికీ కరెంటు వెనక్కి వెళ్ళే దారి ఒకటే, బండి బాడీకి బిగించిన ఎర్త్ వైరు. ఆ దారి మూసుకుపోతే కరెంటు రెండో ఫిలమెంట్ గుండా దూరి, మిగతా లైట్ల మీదుగా బయటపడుతుంది. మీటర్ దగ్గర వెలుగు అందుకే. రాత్రి లైట్లు వేసి బ్రేక్ కూడా తొక్కితే ఆ బల్బుకి రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజి. రెండు పక్కలా నీళ్ళు ఒకే మట్టంలో ఉంటే కాలవ పారదు కదా, అట్లా బల్బు పూర్తిగా ఆరిపోతుంది. బల్బు ఎన్నిసార్లు మార్చినా ఏం లాభం చెప్పండి!

ఎలక్ట్రీషియన్ అన్న మొదట ఒక వైరు ముక్కతో బల్బు హోల్డర్‌ని శుభ్రంగా ఉన్న ఒక బోల్టుకి తాకించాడు. లైటు ఠక్కున వెలిగింది. అప్పుడు డిక్కీలో లైనింగ్ లాగి చూస్తే, ఎర్త్ స్క్రూ కింద ఎర్రటి తుప్పు, హోల్డర్‌లో పచ్చటి చిలుము. లైటు చుట్టూ ఉండే రబ్బరు పగిలి వాన నీళ్ళు దిగుతున్నాయి. ఎమరీ పేపర్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త స్క్రూ బిగించి, పైన గ్రీజు పూశాడు. రబ్బరు కూడా మార్చాడు. అరగంట పని అంతే.

మేముండే నార్త్ కరోలినాలో ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, స్టాప్ లైటు వెలగకపోతే పాస్ చెయ్యరు. ఇక్కడ సొంత కారుకి పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అప్పుడే ఫిట్‌నెస్ చూస్తారు. మధ్యలో మనమే చూసుకోవాలి. మీ అమ్మానాన్నల దగ్గర పాత బండి ఉంటే ఈరోజే ఫోన్ చేసి అడగండి, ప్లీజ్. పక్కన ఎవరూ లేకపోయినా పర్లేదు. చీకటి పడ్డాక బండిని రివర్స్‌లో గోడ దగ్గరికి తెచ్చి, బ్రేక్ తొక్కి, అద్దంలో చూస్తే చాలు.

సాయంత్రం నాన్నతో అదే చేయించాను. మా కాంపౌండ్ గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు, రెండూ ఒకే సైజు. "తాతా, ఇంకోసారి తొక్కు!" అని బాబు గోడ పక్కన నిలబడి అరుస్తూనే ఉన్నాడు. రేపు తెల్లవారుజామున ఈ బండిలోనే కొండకు బయల్దేరుతున్నాం.