ఒకటో దెబ్బకు చేరితే చాలు

(హనుమకొండలో యువ వాద్యకారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కాజీపేట చర్చి బృందాల తమ్ముళ్లు, పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లు, కళాశాల బ్యాండ్ల పిల్లలు ఇలా ఒక్కచోట కూర్చోవడం అరుదు. మీలో చాలామంది బేస్ గిటార్ (పాటకు అడుగున లోతైన స్వరాలు పలికే గిటార్) ఎందుకు పట్టుకున్నారో ఊహించగలను. లీడ్ గిటార్‌కు అప్పటికే మనిషి ఉండి ఉంటాడు. అందుకు చిన్నబుచ్చుకోనక్కరలేదు. బీటిల్స్ బృందంలో పాత బేస్ వాద్యకారుడు తప్పుకోవడంతో 1961లో పాల్ మెకార్ట్నీ ఆ పని నెత్తిన వేసుకున్నాడు.

మీ ఇబ్బంది ఏమిటో చెప్పనా? గాయకుడు వేదిక ఎక్కి ‘జి మేజర్’ అంటాడు, అంటే జి అనే స్వరమే పాటకు సా. కాగితం ఉండదు, రిహార్సల్ అసలే ఉండదు. కీబోర్డు మొదలవుతుంది. సంగీత శాస్త్రం చదువుకుంటే తప్ప వాయించలేమని మీకు అనిపిస్తుంది. ఆ క్షణానికి కావలసిన శాస్త్రం చాలా కొద్ది. ఇప్పుడు నడుస్తున్న కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పేరేమిటి, తరవాత రాబోయేది ఏది? అంతే. మిగతాదంతా ఆ రెండింటి మధ్య ఎలా నడవాలన్న ప్రశ్న.

చేతి కింద చూసుకోండి. అన్నిటికన్నా లావు తీగ మూడో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది మెట్టులో) జి ఉంది. పక్క తీగ మీద అదే మూడో ఫ్రెట్ సి, ఐదో ఫ్రెట్ డి. లావు తీగను నొక్కకుండా మీటితే ఇ. జి మేజర్‌లో మీకు ఎదురయ్యే పాటల్లో చాలా వాటికి జి, సి, డి, ఇ మైనర్ కార్డ్‌లే ఆధారం. ఏ స్వరానికైనా పక్క తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకు వెళితే దాని పంచమం, దాని తరవాతి తీగ మీద అదే ఫ్రెట్‌లో తారషడ్జమం. సా, పా, పైసా. శ్రుతి మారి గాయకుడు ‘ఎ’ అన్నాడనుకోండి, ఈ ఆకారాన్నే రెండు ఫ్రెట్లు ముందుకు జరపండి. ఒక్కటే జాగ్రత్త: నొక్కకుండా మీటిన తీగ మీతో జరగదు, దాని బదులు అదే తీగను రెండో ఫ్రెట్‌లో నొక్కాలి.

ఇక నడక. నాలుగు దెబ్బల తాళంలో జి నుంచి సి కార్డ్‌కు వెళ్లాలి. మొదటి రెండు దెబ్బలు జి, మూడోది ఎ, నాలుగోది బి. సి సరిగ్గా తరవాతి ఒకటో దెబ్బ మీద పడాలి. జి నుంచి ఇ మైనర్‌కు దిగాలంటే మధ్యలో ఎఫ్ షార్ప్, అంటే ఎఫ్‌కు ఒక్క ఫ్రెట్ ముందున్న స్వరం. సి నుంచి డికి వెళ్లేటప్పుడు నాలుగో దెబ్బ మీద సి షార్ప్ మీటి చూడండి. అది జి స్కేల్‌లో (స్వరవరసలో) లేని స్వరం. అయినా ఎవరూ ముఖం చిట్లించరు, ఎందుకంటే అది నిలబడలేదు, దాటిపోయింది. దాని మీదే ఆగిపోయారో, ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మకు కూడా తెలిసిపోతుంది. రైలు వేళకు కాజీపేట చేరిందంటే మధ్యలో ఎక్కడ నెమ్మదించిందని ఎవరూ అడగరు కదా!

1960లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డుల సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఇలా దాటిపోయే స్వరాలను ధారాళంగా వాడాడు. అదీ ఎక్కువగా కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో. రెండు వేళ్లా, మూడు వేళ్లా అని తగువులాడుకునే మన కుర్రాళ్లు ఆయనను వినాలి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఇక్కడొక చిక్కు వస్తుంది. తంబుర మొదటి నుంచి చివరి దాకా ఒకే షడ్జమాన్ని పట్టుకుని ఉంటుంది. కార్డ్‌ల పాటలో ప్రతి కార్డ్ తన షడ్జమాన్ని వెంట తెచ్చుకుంటుంది. గాయని ‘బి’ స్వరాన్ని పట్టి నిలబెట్టిందనుకుందాం. కింద మీరు జి వాయిస్తే అది అంతర గాంధారం, మేజర్ వెలుగు. ఇ వాయిస్తే అదే స్వరం పంచమమవుతుంది, పాట మీద మైనర్ నీడ పడుతుంది. సి వాయిస్తే కాకలి నిషాదం, ఇంకా ఎక్కడికో పోవాలన్న ఆరాటం. గాయని గొంతు కదలలేదు, కదిలింది మీ వేలే. బేస్‌ను వెనక నిలబడి వాయించే చిన్న వాద్యంగా చూసేవారికి నేను చూపించేది ఇదే. ఇంత అధికారం చేతిలో ఉన్నవాడు కీబోర్డు వాద్యకారుడితో ముందే మాట్లాడుకోవాలి: ‘అన్నా, నేనున్నప్పుడు ఎడమచేతితో మంద్రస్వరాలు వద్దు.’ లేకపోతే కింద ఇద్దరూ రెండు దారులు పడతారు, హాలంతా రొదవుతుంది.

మేజర్ పాటలో మరీ తోచకపోతే కార్డ్ షడ్జమంతో పాటు పాట శ్రుతిలో మోహనం స్వరాలు పట్టుకోండి. మైనర్ పాటకు శుద్ధ ధన్యాసి. ఈ రెండింటి గురించి పుస్తకాలు చాలా చెబుతాయి, నేను ఆగను.

తాళం దగ్గర మాత్రం ఆగుతాను. స్వరం తప్పినవాణ్ని జనం క్షమిస్తారు, లయ తప్పినవాణ్ని క్షమించరు. కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) పడినచోట మీరూ పడండి. మూడేసి చొప్పున ఆరు దెబ్బలు లెక్కపెట్టే తిశ్ర నడక పాటల్లో ఒకటో దెబ్బకు సా, నాలుగో దెబ్బకు పా చాలు. ఈసారి బతుకమ్మ పాటను ఫోనులో రికార్డు చేసుకుని, చప్పట్లు పడే చోట సా ఒక్కటే మీటుతూ సాధన చేయండి. కార్డ్‌లు లేవు, దాక్కోవడానికి చోటూ లేదు. మీటడం ఎంత ముఖ్యమో తీగ మీద వేలు సడలించి మోతను ఆపడమూ అంతే ముఖ్యమని అక్కడే అర్థమవుతుంది.

ఇంకో మాట. లావు తీగ ఇ స్వరం సెకనుకు దాదాపు 41 కంపనాలు. ఫోను స్పీకరు అంత లోతుకు దిగలేదు. పాటలో బేస్ వినబడటం లేదని వచ్చేవారందరికీ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకోమంటాను. విన్న బేస్ వరసను మొదట గొంతుతో పాడండి, తరవాత తీగ మీద వెతకండి. నోట పలకనిది వేలికి రావడం కష్టం.

కీబోర్డు తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు. జి, ఇ మైనర్, సి, డి, ఒక్కొక్కటి నాలుగు దెబ్బలు, తిరిగి మొదటికి. మొదటి చుట్టు షడ్జమాలు మాత్రమే, రెండో చుట్టులో మీ ఇష్టం. ముందు ఎవరు వస్తారు?