క్లాసులో బెంచీ, స్టాఫ్‌రూంలో కుర్చీ

వేదిక మీది పెద్దలకు, హెచ్‌ఎంలకు, ఉపాధ్యాయ మిత్రులకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాల ఉంది. కాళ్ల ఆపరేషన్ల కోసం బర్డ్ ఆస్పత్రికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దివ్యాంగుల కోసం ప్రత్యేక సంస్థలు నడపడం మనకు బాగానే చేతనైంది. నేను ఈ రోజు అడగదలచుకున్నది మన వీధిలో ఉన్న మామూలు బడి సంగతి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలోనో, కోరుకుంటే ప్రత్యేక బడిలోనో ఉచితంగా చదువుకునే హక్కుంది. గుర్తింపు ఉన్న ఏ బడీ "మా దగ్గర కుదరదమ్మా, ఇంకెక్కడైనా చూసుకోండి" అనకూడదు.

సరే, చేర్చుకున్నాం. తర్వాత? ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రం ఉంది కదా, వాళ్లు చూసుకుంటారులే అనుకుంటాం. అక్కడ పనిచేసేవాళ్ల కష్టం చిన్నది కాదు. కానీ బడికొచ్చిన రోజు ఆ పిల్ల కూర్చునేది మన క్లాసులో. వినికిడి తక్కువైన పిల్ల ముందు బెంచీలో కూర్చుని టీచరు పెదాలు చూస్తూ పాఠం అందుకుంటుంది. మనమేమో బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడేస్తాం. అక్కడికి ఆమెకు పాఠం తెగిపోతుంది. రాయడం ఆపి, ఇటు తిరిగి చెప్పడానికి ఏ జీవో రావాలి? చూపు లేని పిల్లాడి ముందు "దీన్నీ దీన్నీ కలిపితే ఇదొస్తుంది" అంటే వాడికేం అర్థమవుతుంది? బోర్డు మీద రాసిన ప్రతి అంకె పైకి చదవాలి.

ర్యాంపుల గురించి ఒక్క మాట. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలి. మెట్ల మీద సిమెంటు పోసేస్తే అది ర్యాంపు కాదు. బాత్‌రూం సంగతి అంతకన్నా ఘోరం. అక్కడికి వెళ్లలేక పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లలున్నారు. ఇది చెబుతుంటే నాకు కోపం వస్తోంది.

ఇక స్టాఫ్‌రూం. దివ్యాంగులైన టీచర్లను కూడా తీసుకోవాలని, బ్రెయిలీ, సైన్ లాంగ్వేజ్ వచ్చినవాళ్లను పెట్టాలని అదే చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. తీరా డీఎస్సీ రాసి, ఉద్యోగం తెచ్చుకుని ఒక అంధ టీచరు వస్తే "సార్‌కి క్లాస్ కంట్రోల్ కష్టం" అని ఆయన నోరు విప్పకముందే తేల్చేస్తాం. కాలు సరిగా లేని టీచరమ్మకు మేడ మీద క్లాసు వేస్తాం. అదే ఆ సార్ కర్ర ఆనించుకుంటూ వచ్చి సోషల్ పాఠం చెబుతుంటే వెనక బెంచీలో చూపు తక్కువైన పిల్లాడు వింటున్నాడనుకోండి. "వీడికి డిగ్రీ ఎందుకులే" అనే మాట ఆ ఇంట్లో మళ్లీ అంత తేలిగ్గా రాదు. అందుకే పిల్లల అడ్మిషన్, టీచర్ల ఉద్యోగం నాకు రెండు వేర్వేరు విషయాలుగా కనిపించవు.

ప్రైవేటు బళ్లకు ఆ 4 శాతం వర్తించదనుకుని ఊరుకోవద్దు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలని 21వ సెక్షన్ అంటోంది. కరెస్పాండెంట్లు ఉంటే మీటింగ్ అయ్యాక కాసేపు ఆగండి, కూర్చుని రాద్దాం. హెచ్‌ఎంలు మాత్రం జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు ఆ టీచరమ్మ క్లాసులన్నీ కింది గదుల్లోకి మార్చండి.